పాటల కోసమే ఒక కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాశాను. వాటికి వచ్చిన ఉత్తరాలు చూశాక ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతావాళ్లలో చాలామంది అడిగినవి కూడా అందులోనే కలిపాను.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. నా దగ్గర మూడు వందల దాకా సీడీలున్నాయి. సగం కర్ణాటక సంగీతం, మిగతావి పాత సినిమా పాటలు, పద్యనాటకాలు. నా సీడీ ప్లేయర్ ఇప్పుడు చాలా డిస్కుల్ని చదవడం లేదు, లెన్స్ దొరకదంటున్నారు. మంచి యాంప్లిఫయర్, స్పీకర్లు ఉన్నాయి. పదేళ్ల నాటి ఐ3 డెస్క్‌టాప్ ఒకటి మూలన పడి ఉంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి రాస్‌బెరీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ కొనమంటాడు. ఇక్కడి షాపు వాళ్లేమో ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, మంచి సౌండ్ కార్డు వేసి కొత్తది కట్టిస్తామంటున్నారు. నా బడ్జెట్ 40 వేలు. ఏం చేయమంటారు? (రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, షాపు వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చేలోపు ఆ మూలనున్న డెస్క్‌టాప్‌ని దుమ్ము దులిపి బయటికి తీయండి. మీకు పనికొచ్చేది అదే.

ఒక్క లెక్క చూడండి. సీడీలో సంగీతం సెకనుకు 44,100 సార్లు, ప్రతిసారీ 16 బిట్లతో, కుడి ఎడమ చానెళ్లు రెండింటికీ రాసి ఉంటుంది. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. హెచ్‌డీ వీడియో చూసేటప్పుడు మీ ఫోన్ ఇంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఈ పనికి ఐ7 పెట్టినందువల్ల పాటకి ఒరిగేదేమీ లేదు. పైగా వేడి పెరుగుతుంది, ఆ వేడికి ఫ్యాన్ కావాలి, ఆ ఫ్యాన్ చప్పుడు మీరు తంబుర వింటున్న గదిలోనే ఉంటుంది.

పాటల కంప్యూటర్ నుంచి నేను కోరుకునేవి రెండే. నోరు మూసుకుని ఉండాలి. డిస్కులో ఉన్న అంకెల మీద మధ్యలో చెయ్యి వేయకుండా, ఉన్నవి ఉన్నట్టు బయటికి పంపాలి.

రెండోదాని కోసమే షాపు వాళ్లు చెప్పిన సౌండ్ కార్డు వద్దంటున్నాను. క్యాబినెట్ లోపల ప్రాసెసర్, పవర్ సప్లై, గ్రాఫిక్స్ అన్నీ కలిసి విద్యుత్ రొద పుట్టిస్తుంటాయి. అంకెల్ని శబ్దంగా మార్చే సున్నితమైన పని ఆ రొద మధ్య జరగడం మంచిది కాదు. ఆ పనిని బయట పెట్టే యూఎస్‌బీ డ్యాక్‌కి అప్పగించండి. అరచేతిలో పట్టే డబ్బా అది. కొనేటప్పుడు చూడాల్సినవి: వెనకాల ఎరుపు, తెలుపు రంగుల్లో లైన్ అవుట్ సాకెట్లు ఉండాలి; యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అని రాసి ఉండాలి (లైనక్స్‌లో దీనికి వేరే డ్రైవర్ అక్కర్లేదు); వీలుంటే ఆప్టికల్ ఇన్‌పుట్ కూడా ఉండాలి. డ్యాక్‌ని యాంప్లిఫయర్‌లో మీ సీడీ ప్లేయర్ ఉన్న చోటే, అంటే ‘సీడీ’ లేదా ‘ఆక్స్’ అని ఉన్న సాకెట్లకి కలపండి. ‘ఫోనో’ అని ఉన్నదానికి మాత్రం కలపొద్దు. అది గ్రామఫోన్ సూది ఇచ్చే అతి చిన్న సిగ్నల్ కోసం పెట్టింది. డ్యాక్‌ని దానికి కలిపితే శబ్దం పగిలిపోతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. విండోస్ మామూలుగా అన్ని శబ్దాలనూ ఒక చోట కలిపి, తను పెట్టుకున్న ఒకే రేటుకి మార్చి పంపుతుంది. ఆ రేటు చాలా కంప్యూటర్లలో 48 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 48,000 సార్లు. మీ 44.1 కిలోహెర్ట్జ్ సీడీ పాట మీరు అడగకుండానే మారిపోతుందన్నమాట. మెయిల్ వచ్చిందంటూ మోగే గంట కూడా స్పీకర్లలోంచే వస్తుంది. విండోస్‌లోనే ఉండాలనుకుంటే ఫూబార్ 2000 అనే ఉచిత ప్లేయర్ వేసి, అవుట్‌పుట్‌లో వాసాపి ఎక్స్‌క్లూజివ్ ఎంచుకోండి. అప్పుడు ఆ కలగలుపు తప్పుతుంది. కానీ మీ మెషీన్ విషయంలో ఇంకో సంగతి ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పదేళ్ల నాటి ఐ3ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు.

అందుకే మీకు డాఫైల్ సూచిస్తున్నాను. ఇది పాటలు వాయించడానికే తయారుచేసిన లైనక్స్. ఉచితం. పెన్ డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే చాలు, హార్డ్ డిస్క్‌లో ఉన్నది చెక్కు చెదరదు. మానిటర్, కీబోర్డు తీసేయవచ్చు. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, కుర్చీలోంచి లేవకుండా పాట మార్చుకోవచ్చు. సంక్రాంతికి అబ్బాయి వచ్చినప్పుడు ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. డాఫైల్‌లో వాల్యూమ్‌ని పూర్తిగా పెట్టి వదిలేయండి. హెచ్చు తగ్గులు యాంప్లిఫయర్ దగ్గరే చేసుకోండి.

అంటే మొదట మీకయ్యే ఖర్చు డ్యాక్‌కీ, ఒక ఎస్‌ఎస్‌డీకీ మాత్రమే. ఎస్‌ఎస్‌డీ కూడా పెద్దది అక్కర్లేదు. 74 నిమిషాల సీడీలో ఉన్నది సుమారు 783 ఎంబీ. ఫ్లాక్ ఫార్మాట్‌లో పెడితే అందులో సగం నుంచి అరవై శాతం దాకా వస్తుంది, ఒక్క బిట్ కూడా పోదు. సగటున 400 ఎంబీ వేసుకున్నా మూడు వందల సీడీలకి 120 జీబీ. 500 జీబీ డ్రైవ్ మీకు చాలా ఏళ్లు సరిపోతుంది.

డెస్క్‌టాప్ ఫ్యాన్ చప్పుడు నిజంగా ఇబ్బంది పెడితే అప్పుడు కొత్తది ఆలోచించండి. ఫ్యాన్ లేని మినీ పీసీలు వస్తున్నాయి. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ 6 వాట్ల రకం, డబ్బా ఒళ్లే దాని వేడిని వదిలేస్తుంది. 8 జీబీ ర్యామ్ ధారాళంగా చాలు. మీ అబ్బాయి చెప్పిన రాస్‌బెరీ పై కూడా మంచిదే, దానికి డాఫైల్ లాగే వాల్యూమియో, మూడ్ అనే పాటల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కాకపోతే రాస్‌బెరీ పై 4లో ఉన్న హెడ్‌ఫోన్ సాకెట్ శబ్దం నాసిగా ఉంటుంది, రాస్‌బెరీ పై 5లో ఆ సాకెట్టే లేదు. ఏదైనా డ్యాక్ తప్పదు. పైగా అది నడిచేది ఎస్‌డీ కార్డు మీద. కరెంటు ఠక్కున పోయే ఊళ్లలో ఆ కార్డు పాడవడం నేను చాలా ఇళ్లలో చూశాను. చిన్న యూపీఎస్ మీద పెట్టేట్టయితేనే కొనండి.

ఇప్పుడు అసలు పని, సీడీలు ఎక్కించడం. ఇక్కడ మాత్రం ఓపిక పట్టండి. డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌లో 2,048 బైట్లే సమాచారం, మిగిలిన చోటులో తప్పులు దిద్దే అదనపు ఏర్పాటు ఉంటుంది. పాటల సీడీలో సెక్టార్‌కి 2,352 బైట్లూ సంగీతమే, ఆ అదనపు ఏర్పాటు లేదు. గీత పడ్డ చోట డ్రైవ్ తనకు తోచింది నింపేసి ముందుకు పోతుంది. మీకు ‘కాపీ పూర్తయింది’ అనే కనబడుతుంది. మర్నాడు పాట మధ్యలో చిన్న ‘టిక్’ వినిపిస్తుంది.

దీనికి విండోస్‌లో (పెన్ డ్రైవ్ తీసేసి ఆన్ చేస్తే మీ పాత విండోసే వస్తుంది) ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి, సెక్యూర్ మోడ్‌లో. మీ పాత డెస్క్‌టాప్‌లో డీవీడీ రైటర్ ఉంటుంది కాబట్టి ఆ పని కూడా దానితోనే అయిపోతుంది. చదివిన ప్రతి పాటకీ అది చెక్‌సమ్ అనే ఒక సంఖ్య కడుతుంది, పాటలోని అంకెలన్నిటి నుంచీ లెక్కగట్టిన గుర్తు అది. అదే సీడీని ఇతరులు ఎక్కించినప్పుడు వచ్చిన సంఖ్యలు యాక్యురేట్ రిప్ అనే పట్టికలో ఉంటాయి, రెండూ కలిస్తే మీ కాపీ సరైనదే. మన తెలుగు సీడీలకి అక్కడ జోడీ దొరకకపోవచ్చు. అప్పుడు ‘టెస్ట్ అండ్ కాపీ’ నొక్కండి. పాటని రెండుసార్లు చదివి రెండు సంఖ్యల్నీ పక్కపక్కన చూపిస్తుంది. ఒకటే అయితే ముందుకు వెళ్లండి. తేడా వస్తే డిస్కు తీసి, మెత్తని తడి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా మాత్రం తుడవొద్దు. మళ్లీ పెట్టండి. అప్పటికీ కలవకపోతే వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. ఇంకో మాట, సీడీకి బొమ్మ ఉన్న వైపే ఎక్కువ జాగ్రత్త కావాలి. సంగీతాన్ని మోసే మెరుపు పొర ఆ బొమ్మ కిందే, పల్చటి పూత వెనకాల ఉంది. అక్కడ గీత పడితే ఎవరూ బాగుచేయలేరు.

పేర్ల విషయంలో మరీ మరీ చెబుతున్నాను. ఇంటర్నెట్ నుంచి వచ్చే పాటల పేర్లని నమ్ముకోవద్దు. బాలమురళీకృష్ణ గారి పేరు ఇంగ్లిషులో ఒక సీడీకి ఒకలా, ఇంకో సీడీకి ఇంకోలా వస్తుంది. మీ ఫోన్‌లో ఆయన నలుగురైదుగురు వేర్వేరు గాయకులుగా కనిపిస్తారు. ఫ్లాక్ ఫైల్‌లో పేర్లు యూనికోడ్‌లోనే ఉంటాయి కాబట్టి హాయిగా తెలుగులో రాసుకోండి. ఎంపీత్రీ ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌లో ఒక ఆల్బమ్ మొత్తాన్నీ ఒకేసారి మార్చవచ్చు. పాశ్చాత్యులు చేసిన ప్లేయర్లకి గాయకుడు, ఆల్బమ్, సంవత్సరం తెలిస్తే చాలు. మనం వెతికేది అలా కాదు కదా. సాయంత్రం కల్యాణి వినాలనిపిస్తుంది, లేకపోతే ఫలానా కవి రాసిన పాట కావాలనిపిస్తుంది. ఫ్లాక్‌లో మనకు కావలసిన గడి మనమే పెట్టుకోవచ్చు: రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్, మృదంగం. కొన్ని ప్లేయర్లు ఇలా సొంతంగా పెట్టిన గడుల్ని చూపించవు. అందుకని రాగం పేరుని ‘జానర్’ గడిలో కూడా వేయండి, అది అన్నింటిలోనూ కనిపిస్తుంది. ‘జానర్’ నొక్కగానే తోడి, భైరవి, మోహన, కల్యాణి వరసగా వస్తాయి. సినిమా పాటలకి సంగీత దర్శకుణ్ని ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’లో, గీత రచయితని ‘లిరిసిస్ట్’లో పెట్టండి. సీడీతో వచ్చిన చిన్న పుస్తకాన్ని పక్కన పెట్టుకుని రోజుకి కొన్ని చొప్పున చేయండి. మీరు పాఠాలు చెప్పినవారు, మీకు ఈ పని నచ్చుతుంది.

కచేరీ సీడీల్లో ఆలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్‌గా ఉంటాయి, మధ్యలో తంబుర ఆగదు. ఎంపీత్రీలో పెడితే ఆ అతుకు దగ్గర చిన్న ఖాళీ పడే ప్రమాదం ఉంది. ఫ్లాక్‌లో ఆ బాధ లేదు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఫ్లాట్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాత తెలుగు పాటల్ని 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ హై-రెస్ ఫైళ్లుగా ఒకరు ఇస్తామంటున్నారు. సీడీ కంటే చాలా బాగుంటాయట. నిజమేనా? దానికోసం డ్యాక్ మార్చాలా? (హైదరాబాద్)

జవాబు: మార్చక్కర్లేదు. 16 బిట్ల సీడీలో మెల్లని ధ్వనికీ గట్టి ధ్వనికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ చోటు ఉంది. టేపు మీద రికార్డు చేసిన ఆ రోజుల్లో, పాటకీ టేపు బుసకీ మధ్య ఉండేది 60, 70 డెసిబెల్స్ మాత్రమే. సీడీలోనే అది పూర్తిగా పట్టింది. 24 బిట్లు రికార్డింగ్ చేసేవాళ్లకి నిజంగా పనికొస్తాయి. పాడేవాళ్లు హఠాత్తుగా గొంతు పెంచినా పగలకుండా చోటు వదులుకోవచ్చు. నేను స్టూడియోలో పనిచేసిన కాలంలో అది పెద్ద ఊరట. ఇంట్లో వినేటప్పుడు ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. మీ గదిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే సీడీలోని అతి మెల్లని ధ్వనులే దాని కింద మునిగిపోతాయి.

ఆ ఫైళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడండి. స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్‌ని వేస్తే పాటలో ఏ ఫ్రీక్వెన్సీ దాకా ధ్వని ఉందో బొమ్మ గీసి చూపిస్తుంది. 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగి, పైన 96 కిలోహెర్ట్జ్ దాకా నల్లగా ఖాళీ ఉంటే అది సీడీనే, పెద్ద డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. 16 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతే ఇంకా అన్యాయం, అది చాలావరకు 128 కేబీపీఎస్ ఎంపీత్రీ అయి ఉంటుంది. ఒరిజినల్ టేపు నుంచి శ్రద్ధగా కొత్తగా ఎక్కించిన ప్రతులు కొన్ని నిజంగా బాగుంటాయి. ఆ మంచితనం టేపుని శుభ్రం చేసి, హెడ్ సరిచేసి ఎక్కించిన మనిషిది. దాన్ని 16 బిట్లకి దించినా అలాగే వినిపిస్తుంది.

మీరే పరీక్షించుకోవాలంటే ఒకే ఫైల్‌ని రెండు రకాలుగా మార్చి, ఫూబార్‌లో ఏబీఎక్స్ అనే పరికరంతో ఏది ఏదో తెలియకుండా వినండి. రెండింటి శబ్దం సరిగ్గా సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందనిపిస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టాలనుంటే గది మీద పెట్టండి. మన ఫ్లాట్లలో నున్నటి టైల్స్, ఉత్త గోడలు. హాల్ మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఖణఖణమని మోగితే మీ స్పీకర్ల ముందున్న శత్రువు అదే. నేల మీద మందపాటి జంపఖానా, కిటికీకి బరువైన కర్టెన్, పక్క గోడకి నిండా పుస్తకాలున్న అలమర పెట్టి వినండి. స్పీకర్లని గోడకి రెండు అడుగులన్నా ముందుకి జరపండి. వాటి మధ్య ఎంత దూరముందో, మీరూ వాటికి అంతే దూరంలో కూర్చోండి. మృదంగం ఎడమ వైపు మోత బుంయ్‌మని ఊదకుండా, విడివిడి దెబ్బలుగా వినిపించడం మొదలవుతుంది. ఏ డ్యాక్ మార్చినా ఇంత తేడా రాదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ని యాంప్లిఫయర్‌కి కలిపితే స్పీకర్లలో ‘గుంయ్’మని ఒకటే మోత. ఛార్జర్ పీకేస్తే ఆగిపోతోంది. ఎర్త్ పిన్ తీసేయమని ఎలక్ట్రీషియన్ సలహా ఇచ్చాడు. తీసేయమంటారా? (గుంటూరు)

జవాబు: వద్దు. ఆ పిన్ ఉన్నది మీ ప్రాణం కాపాడటానికి. రెండు పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కి తగిలినప్పుడు వాటి మధ్య కేబుల్‌లో కరెంటు తిరుగుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటే ఆ మోతగా వినిపిస్తుంది. ముందు రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డు మీద పెట్టండి. తగ్గకపోతే టీవీకి వచ్చే కేబుల్ లేదా డిష్ వైరు ఒకసారి పీకి చూడండి, టీవీ కూడా అదే యాంప్లిఫయర్‌కి కలిపి ఉన్న ఇళ్లలో తరచుగా దొంగ అదే. అయినా ఉంటే, మొదటి జవాబులో చెప్పిన డ్యాక్ పెట్టి, కంప్యూటర్‌కీ డ్యాక్‌కీ మధ్య ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెళ్లేది వెలుగు కాబట్టి ఎర్త్ ఒకదాన్నుంచి ఒకదానికి పాకదు. ల్యాప్‌టాప్‌లో ఆప్టికల్ సాకెట్ లేకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే మోత వస్తోందంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. సైన్ వేవ్ రకానికి మారడం ఒక్కటే దారి. మీ ఫ్యాన్లు కూడా అప్పుడు మోగకుండా తిరుగుతాయి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. మా మేనమామ హరికథలు చెప్పేవారు. ఊళ్లో నాన్నగారు రికార్డు చేసిన క్యాసెట్లు ఒక పెట్టెడు ఇక్కడికి తెచ్చుకున్నాను. వీటిని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి? నేరుగా యూఎస్‌బీకి కలిపే చవక ప్లేయర్లు వాడొచ్చా? (అమెరికా)

జవాబు: అవి వాడకండి. వాటి మోటారు నిలకడగా తిరగదు, గొంతు వణుకుతున్నట్టు వినిపిస్తుంది. బెల్టు, పించ్ రోలర్ కొత్తవి వేసి సర్వీసు చేసిన పాత క్యాసెట్ డెక్ ఒకటి సంపాదించండి. మీ దగ్గరున్నది వేరే ఎక్కడా లేని ప్రతి, దానికి ఈ మాత్రం ఖర్చు న్యాయం.

ప్రతి క్యాసెట్‌కీ ముందు టేపుని చదివే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తర్వాత హెడ్ పక్కనుండే చిన్న స్క్రూని అతి కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ చిడతల చప్పుడు ఎక్కడ పదునుగా వస్తుందో వినండి. నాన్నగారి టేప్ రికార్డర్ హెడ్ ఏ కోణంలో ఉండేదో ఈ డెక్ కూడా ఆ కోణానికి రావాలి. మాట స్పష్టత అక్కడే ఉంది. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి (ఇందాక చెప్పానే, రికార్డింగ్‌కి ఆ బిట్లు పనికొస్తాయని). అతి గట్టి చోట కూడా సూచిక మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు.

వేగానికి హార్మోనియం పట్టుకోండి. మేనమామగారు ఏ శ్రుతిలో చెప్పేవారో ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. ఒకటిన్నర శ్రుతి అని చెబితే, టేపులో అది సగం స్వరస్థానం పైన పలుకుతుంటే, దాదాపు మూడు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. శ్రుతి, వేగం రెండూ కలిసి మారే ఆప్షన్‌తో సరిచేయండి. ఎక్కించిన అసలు ఫైల్‌ని మాత్రం ముట్టుకోకుండా విడిగా దాచి, మార్పులన్నీ కాపీ మీద చేయండి. బుస తీసేసే ఫిల్టర్ని బాగా తగ్గించి వాడండి. ఎక్కువ చేస్తే కథకుడి గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది, వెనకాల జనం నవ్వులు, ‘గోవిందా’లు చెరిగిపోతాయి. హరికథకి జనం కావాలి.

ప్రశ్న: పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాక సీడీలు అమ్మేయొచ్చా? (నెల్లూరు)

జవాబు: అమ్మకండి. అసలు ప్రతి అదే. దానితో వచ్చిన పుస్తకంలో పక్క వాద్యాల వాళ్ల పేర్లుంటాయి, ఎక్కువగా అవి ఇంకెక్కడా దొరకవు. చోటు లేకపోతే ప్లాస్టిక్ డబ్బాలు తీసేసి, డిస్కునీ పుస్తకాన్నీ కవర్లో పెట్టి ఎండ తగలని అలమరలో నిలబెట్టండి. ఫైళ్లకి ఒక కాపీ మీ ఇంట్లోనే వేరే డ్రైవ్ మీద, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుల ఇంట్లోనో పిల్లల ఇంట్లోనో ఉంచండి. ఏడాదికోసారి ఆ డ్రైవ్‌ని కలిపి నాలుగు ఆల్బమ్‌లు మొదటి నుంచి చివరి దాకా వినండి. తెరుచుకోని ఫైల్ ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది, సీడీ మీ దగ్గరే ఉంది కాబట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు.